ఆడ ఈగ: తెలియదు

ఒళ్ళు పొడవు: రెండు మిల్లీమీటర్లు, పైన ఒక పిసరు.
పిసరు కొలత కాదని
త్సియాలా గారు ఎర్రసిరాతో కొట్టేశారు.
రెండు పాయింట్ ఒకటి.

వీపు: ఆకుపచ్చ లోహం.
దీపం జరిపితే రాగి,
ఇంకాస్త జరిపితే తడి ఇత్తడి.
ఏ దీపం కింద? అని మార్జిన్‌లో ప్రశ్న.
నిజమే. ఇతను పుట్టిన లోయలో దీపమెక్కడిది,
ఎండే నెలకి పదిరోజులు.
ఆ కొండని మా వాళ్ళు ఏడుపుకొండ అంటారు.
బతుమీలో గొడుగు విరిగినవాడు
ముందు ఆ కొండనే తిడతాడు.

కాళ్ళు: పసుపు. పొడుగు.
ఎవరో పెద్దవాళ్ళవి అడిగి తెచ్చుకుని
ఇంకా తిరిగివ్వనట్టు.
ఎడమ వెనక కాలు లేదు.
అది జాతి లక్షణం కాదు, నా పట్టకారు చేసిన పని.
"విరిగినది" అని రాశాను.
ఎవరు విరిచారో రాసే గడి లేదు.

ముందుకాళ్ళ చివరి కణుపు: వెడల్పు, నలుపు,
అంచున వెండి వెంట్రుకలు.
కొత్తదనమంతా ఇదే, ఆవగింజలో అరవయ్యో వంతు.
దీనికోసం మూడు నెలలు
పాత పెట్టెలు దింపాను, జర్మన్ నిఘంటువు అరగదీశాను,
చచ్చిపోయిన పరిశోధకుల చేతిరాతతో పోట్లాడాను.
ఈ నల్లజెండా మరే కాలికీ లేదు.

దొరికిన చోటు: అక్షాంశం, రేఖాంశం,
సముద్రమట్టానికి నాలుగువందల పది మీటర్లు.
అంటే నజిబ్రోలా ఇంటి వెనక,
ఆవిడ అంట్లు తోముకునే రాయి పక్కన, వాగు.
వల తడిసి ముద్దయి చేతులెత్తేస్తే
ఆవిడే తెచ్చిచ్చింది పసుపు ప్లాస్టిక్ గిన్నె,
కోళ్ళకి మొక్కజొన్న రవ్వ పోసేది.
సబ్బునీళ్ళు నింపి రాతిమీద పెట్టి
రొట్టె, ఉప్పు జున్ను తినొచ్చేసరికి
దోమలు పదకొండు,
ఒక సాలీడు,
ఇతను.

భూతద్దం ఆవిడకిచ్చాను.
చాలాసేపు ఊపిరి బిగబట్టి చూసింది.
"మగదా, ఆడదా?"
మగ, అన్నాను. జెండాలు మగవాళ్ళకే. ఊపి పిలుస్తారు.
"ఊపుతూ ఊపుతూ నా గిన్నెలో పడ్డాడన్నమాట.
ఎవరి వైపు ఊపాడో చూశావా?"
నేను అప్పుడు రొట్టె తింటున్నాను.

పొట్ట చివర: ఇక్కడ మొహమాటం పనికిరాదు.
లాక్టిక్ ఆసిడ్‌లో వేడిచేసి
గ్లిజరిన్ చుక్కలో పరిచి
మడతపెట్టి దాచుకున్నదంతా విప్పి
మూడు పక్కలనించి గీశాను.
అతని పెళ్ళిసామాను మొత్తం నా గీతల్లో ఉంది.
పెళ్ళి లేదు.

మళ్ళీ వెళ్ళాను, జూన్‌లో, సెప్టెంబర్‌లో.
సీసాల నిండా ఆడ ఈగలు,
జెండా లేని పసుపు కాళ్ళు, గుర్తు లేని ముఖాలు,
మూడు జాతులో, నాలుగో, అన్నీ ఒకే అచ్చు.
ఆమె ఇప్పటికే నా బల్లమీద ఉండొచ్చు,
నలభై రెండో నంబరు సీసాలో,
తనని ఎవరు వెతుకుతున్నారో తెలియకుండా.
పేజీలకి పేజీలు కొలతలు నావి.
రాతి తడిమీద నిలబడి
ఒక్క ఊపులో అతన్ని పోల్చుకునే కన్ను ఆమెది.

పేరు: నజిబ్రోలా ఫోన్‌లో విరగబడి నవ్వింది.
"ఈగకి నా పేరా! మా ఆయన బతికుంటే
ఈ వారమంతా వంట నేను చేయక్కర్లేకపోయేది,
నవ్వుతోనే కడుపు నిండేది. పెట్టుకో.
గిన్నె ఎప్పుడిస్తావు?"

ఆఖరి గడి. ఆడ ఈగ: తెలియదు.
ఆ ఒక్కచోటే ఎర్రసిరా పడలేదు.

గిన్నె ఏడుసార్లు కడిగి ఇచ్చొచ్చాను.
సబ్బు వాసనకి కోళ్ళు రెండురోజులు
దాని దగ్గరికి రాలేదట.